పుత్తూరు కట్టు

ఎతిరాజులు వంగడు.
వంగినట్టు నటిస్తాడంతే.
గడ్డం క్యూ కర్రకి జానెడు పైన,
కుడి మోచేయి గోడవైపు.
కిక్కిరిసిన బస్సులో
పక్కవాడి డొక్కలో పొడిచే మోచేయి అది.

పదిహేనో ఏట వ్యాసర్పాడి దగ్గర
ఫుట్‌బోర్డు మీంచి జారి విరగ్గొట్టుకున్నాడు.
పుత్తూరు తీసుకెళ్ళి కట్టు కట్టించారు.
కట్టు మంచిదే, కుర్రాడే ఆగలేదు.
పదో రోజుకే విప్పేసుకుని
పెరంబూరు రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో
బల్ల దగ్గర నిలబడ్డాడని
మార్కర్ దేవసహాయం ఇప్పటికీ తిడతాడు,
కన్నకొడుకుని మెచ్చుకున్నట్టు.

నుంగంబాకంలో కోచ్ ఒకాయన
అతని వీడియో వేసి పిల్లలకి చూపిస్తాడట,
ఇదిగో, ఇలా ఆడకూడదు అని.
ఆ పిల్లల్లో ఇద్దరు
ఆదివారాలు రెండు బస్సులు మారి వచ్చి
మా వెనక బెంచీ మీద కూర్చుంటున్నారు.

మేమంటే ఎంతమందిమని!
క్యారేజ్ వర్క్స్ పెయింట్ షాపు వాళ్ళం నలుగురం,
పాల డిపో కన్నియప్ప,
రిటైరైనా విజిల్ జేబులోంచి తియ్యని
గార్డు జయచంద్ర నాయుడు.
దగ్గినా తప్పే ఈ ఆటలో
మేం మోకాలి మీద వేళ్ళతో తట్టుకుంటాం.
అదే మా ఈల, అదే మా కేక.

అందంగా ఆడేవాళ్ళు వేరే ఉన్నారు.
వాళ్ళ బంతులు నూనె రాసినట్టు జారతాయి.
ఇతనిది అరిగిన చీపురుతో వాకిలి ఊడ్చినట్టు,
చప్పుడెక్కువ, దుమ్మెక్కువ,
చివరికి చూస్తే
వాకిట్లో ఏమీ మిగలదు.

మొన్న శనివారం ఎగ్మూరు హాల్లో సెమీఫైనల్.
ఆఖరి ఫ్రేము. రాత్రి పన్నెండున్నర.
ముప్పై ఒకటి వెనకబడ్డాడు.
బల్ల మీద మిగిలింది ఇరవై ఏడు.
లెక్కలు వచ్చినవాడెవడైనా
చేయి కలిపి ఇంటికి పోతాడు.
అవతలి కుర్రాడు క్యూ పెట్టె మూత తెరిచాడు కూడా.

ఎతిరాజులు నీళ్ళు తాగాడు.
ముక్కు చీదాడు.
సుద్ద రాశాడు, చాలదన్నట్టు మళ్ళీ రాశాడు.
తెల్లబంతిని తీసుకెళ్ళి
గోధుమరంగు బంతి వెనక దాచాడు,
అప్పులవాడి గొంతు విని
తలుపు చాటుకి జరిగినంత నెమ్మదిగా.
కుర్రాడు తప్పించుకున్నాడు.
మళ్ళీ దాచాడు.
తప్పించుకున్నాడు.
హాల్లో సగం కుర్చీలు ఖాళీ అయ్యాయి,
ఏసీ ఆపేశారు,
కన్నియప్పకి మూడింటికి పాల లారీ.
ఎన్నోసారో లెక్క తప్పాక
కుర్రాడి బంతి పసుపుని
వెంట్రుకవాసిలో తాకకుండా పోయింది.
నాలుగు పాయింట్లు.
నాయుడుగారు విజిల్ని పిడికిట్లో బిగించి
కళ్ళు తుడుచుకున్నారు.

తర్వాత పసుపు, ఆకుపచ్చ, గోధుమ,
నీలం, గులాబీ, నలుపు,
ఒక్కొక్కటీ ఇంటి పన్ను కట్టినట్టు వేశాడు.
సమానం.
నల్లబంతిని మళ్ళీ చుక్క మీద పెట్టారు.

అది పోయింది.
జేబు మూతి దాకా వెళ్ళి ఊగి ఆగిపోయింది.
కుర్రాడు వంగి, చక్కగా వంగి, వేసేశాడు.

ఇంటికొచ్చేసరికి రెండు.
గెలిచాడా అంది అమృతవల్లి నిద్రకళ్ళతో.
దారి పొడవునా అంత మాట్లాడుకున్నామా,
ఆ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.
వంటింట్లో లైటు వేశాను.
చపాతీ పీట మీద నిమ్మకాయ పెట్టాను, ఇది పసుపు.
వెల్లుల్లి రెబ్బ, ఇది తెల్లబంతి.
మధ్యలో చింతపండు ఉండ.
ఇప్పుడు నువ్వు నిమ్మకాయని తాకాలి, చింతపండుని తాకకుండా.

వేలితో ఇటు జరిపి చూసింది.
అటు చూసింది. పీట అంచుకి కొట్టించి చూసింది.
జడ వెనక్కి విసిరి నేలమీదికి కూర్చుంది.
"దారే లేదు కదండీ,
ఎవడీ దుర్మార్గుడు!"

పొద్దున చారుకి
డబ్బాలోంచి వేరే చింతపండు తీసింది.