ఒకటికి రెండువందలు

నా పని చెట్లు చేయడం.
ఎండిన పూలగుత్తుల్ని తుంపి, జిగురులో ముంచి
అట్టముక్కల నది ఒడ్డున వరసగా నాటడం.
ఒక సెంటీమీటరంటే రెండు మీటర్లు.
మనిషంటే నా చిటికెనవేలి గోరంత.
ఇవాళ్టికి నూట నలభై చెట్లు, అరవైమంది జనం,
బొటనవేలికి ఒక కోత.

కిటికీ బయట వార్సా.
మధ్యాహ్నం తిని చెయ్యి కడుక్కునేలోగా
పొద్దు గుంకే ఊరు.
మా మిందేలోలో గాలికి ఉప్పు రుచి ఉండేది.
ఇక్కడి గాలికి రుచి లేదు, పళ్ళున్నాయి.

బూట్లు పాతబజార్లో కొన్నవి, ఒక నంబరు పెద్దవి.
రెండు జతల మేజోళ్ళతో సరిపెట్టాను.
ఎవరో అరగదీసిన మడమలు
నన్ను ఎడమవైపుకే లాగుతుంటాయి.
ఆయన ఇల్లు అటుండేదేమో.

స్టైపెండు ఈ నెల కూడా వచ్చేవారమే.
గది తుయెన్ గారిది. హనోయ్ నుంచి వచ్చిన వంటమనిషి.
రాత్రి పదకొండు దాటాక వచ్చి
మిగిలిన నూడుల్స్ పులుసు నా తలుపు ముందు పెట్టి
గిన్నె మీద చెంచాతో ఒక్కసారి కొడతాడు.
మా ఇద్దరికీ ఉమ్మడి భాష ఆ చప్పుడే.

పోలిష్‌లో నాకు బాగా వచ్చిన మాట ఒక్కటే:
తక్. ఔను.
కాఫీ పెడతావా? తక్.
శనివారం కూడా వస్తావా? తక్.
అర్థమైందా?
తక్.

ఆరింటికి బొగూష వస్తుంది, బకెట్టుతో.
లిస్బన్ హోటళ్ళలో ఏడేళ్ళు పక్కలు సర్దిందట,
నా భాషని విరిచి విరిచి మాట్లాడుతుంది.
మా నమూనా ఊరి మీదకి ముక్కు తగిలేంతగా వంగి
"ఒక్కళ్ళకీ కోటు లేదేం?" అంది.

చూశాను. నిజమే.
ఆకు రాలని చెట్ల కింద
అరవైమందీ పొట్టిచేతుల చొక్కాలే.
బుడగ పట్టుకున్న పిల్ల, సైకిలు, కుక్క.
"జనవరిలో వీళ్ళంతా ఎక్కడికి పోతారు?" అంటూ
తడిగుడ్డతో వెనక్కి వెనక్కి నడుచుకుంటూ
గుమ్మం దాటేసింది.

ఆ రాత్రి బూడిదరంగు ఫెల్టు ముక్క కత్తిరించి
శ్రావణంతో ఒకడికి తొడిగాను.
రేవు మెట్ల దగ్గర, దీపస్తంభానికి ఆరు సెంటీమీటర్ల దూరంలో
నిలబెట్టాను.
కాస్త ఎడమకి ఒరిగాడు.

పొద్దున ఫొటోలు తీయిస్తూ రదొస్వాఫ్ గారు
"ఆ మరకేంటి?" అన్నారు.
మనిషండీ, అనబోయాను.
"తీసేస్తావా?"
తక్.
పీకి జేబులో వేసుకున్నాను.
ఆవగింజంత జిగురుచుక్క మిగిలింది అక్కడ.

ఆదివారం ట్రామెక్కి అసలు చోటుకే వెళ్ళాను.
మైనస్ పద్నాలుగు.
ఊపిరి పీలిస్తే ముక్కులోపలి వెంట్రుకలు అతుక్కుంటున్నాయి.
మేము నాటిన చెట్లేవీ లేవు.
తుప్పు పట్టిన క్రేను, రేకుల కంచె, గడ్డకట్టిన రేవు.
దీపస్తంభం మాత్రం ఉంది.
దాన్నుంచి పన్నెండు మీటర్లు అంగలతో కొలుచుకుని
జిగురుచుక్క ఉండాల్సిన చోట నిలబడ్డాను,
చేతులు జేబుల్లో,
ఒక చేతిలో వాడు.

మంచు మీద బోర్లించిన డబ్బా, దాని మీద ఒక ముసలాయన,
ఆయన కాళ్ళ మధ్య పళ్ళెమంత కన్నం.
చెయ్యూపి పిలిచాడు. జారుతూ వెళ్ళాను.
ఏదో అడిగాడు, పొడుగ్గా.
తక్, అన్నాను.
జానెడు గాలపుకర్ర నా చేతిలో పెట్టి
ప్యాంటు సర్దుకుంటూ కంచె చాటుకి నడిచాడు.

చేతికి తొడుగుల్లేవు.
బొటనవేలి కోత మీదే ఆనుకుంది దారం.
కింద నల్లటి నీళ్ళలో ఏదో
ఒక్కసారి లాగి వదిలింది.
మళ్ళీ లాగింది.

ఆయన ఇంకా రాలేదు.
ఎత్తాలో ఆగాలో
అడగడానికి నాకు మాట రాదు.