ఫ్రీవీల్ చప్పుడు

మొదటి రోజే తన్నింది.
మార్గిట్ వంతెన నడిమి ఎత్తు దాటి
బుడా వైపు దిగుతూ, అలవాటుగా కాళ్ళు ఆపాను.
ఇన్నేళ్ళుగా ఏ సైకిలైనా
దిగుడులో ఇచ్చే ఆ కాస్త సెలవు కోసం.
పెడల్ ఒప్పుకోలేదు.
మోకాలిని కిందినుంచి ఎగదన్ని
సీటు మీంచి జానెడు లేపి కూర్చోబెట్టింది.
పక్కనే పోతున్న ట్రామ్ కిటికీలో
జడల పిల్ల ఒకతి పళ్ళన్నీ చూపించి నవ్వింది.

వెండెల్ కొట్టు నేలమాళిగలో ఉంటుంది. తొమ్మిది మెట్లు.
నేను గోడు వెళ్ళబోసుకుంటుంటే
అన్నం మెతుకు పట్టి చూసినట్టు
చైనుని బొటనవేలితో నొక్కి చూస్తున్నాడు.
"అరంగుళం వేలాడాలి. బిగిస్తే ఏడుస్తుంది. వదిలేస్తే ఊడుతుంది."
మరి నా మోకాలు?
"ఆగడం గురించి తర్వాత, సారోల్టా. ముందు నెమ్మదించడం నేర్చుకో."

ఆ వారమే బొటోండ్ కూడా వచ్చాడు, పదిహేడేళ్ళవాడు,
కాలికి బలపం కట్టుకుని పుట్టినవాడు.
ముందు నలభై ఎనిమిది పళ్ళు, వెనక పదహారు కావాలన్నాడు.
వెండెల్ గోడ మీద సుద్దముక్కతో భాగించి చూపించాడు.
మూడు. శేషం సున్నా.
"స్కిడ్ కొట్టినప్పుడల్లా టైరు ఒక్క చోటే అరుగుతుంది.
పదిహేడు పెట్టు. లెక్క తెగదు, టైరు బతుకుతుంది."
బళ్ళో నన్ను ఏడిపించిన శేషాలన్నీ
ఆ పూట గుర్తొచ్చి, కొంచెం మంచివాళ్ళలా కనిపించాయి.

ముందు బ్రేకు పీకెయ్యమన్నాడు కుర్రాడు.
"మీ అమ్మని తీసుకురా. ఆవిడ ఎదురుగా పీకుతా."
వారం రోజులు వాడు కనిపించలేదు.

వెనక చక్రానికి రెండు వైపులుంటాయని
నాకు అక్కడే తెలిసింది.
ఒక వైపు కట్టు, ఇంకో వైపు ఫ్రీవీల్.
తిప్పి బిగిస్తే చాలు, కాళ్ళకి సెలవు దొరుకుతుంది.
"అటువైపు ముసలాళ్ళకి," అన్నాడు వెండెల్,
నట్టు మీద ఉమ్మి తుడుస్తూ.

ఎర్రదీపం దగ్గర పడ్డాను. పడటమంటే ఒక్కసారిగా కాదు,
కాలిపట్టీ విప్పలేదని గుర్తొచ్చాక
తీరిగ్గా, అంతా ఆలోచించుకుంటూ, ఎడమవైపుకి.
డెలివరీ సంచీ వీపునున్న ఒకామె ఆగింది.
నన్ను లేపలేదు. సైకిల్ని లేపింది.
హేండిల్ సరిచేసి,
"దీపం కనబడగానే ఒక కాలు విప్పెయ్," అంది,
"పట్టాల్ని అడ్డంగా కొయ్యి, వాటి వెంట పోకు,"
పచ్చదీపంలో కలిసిపోయింది.

శరత్కాలం వెళ్ళేసరికి కాళ్ళు మాట వినడం మొదలెట్టాయి.
కాదు, నేనే వాటి మాట వినడం మొదలెట్టాను.
తపాలా గిడ్డంగిలో రాత్రి డ్యూటీ నాది.
బల్ల ముందు నిలబడి ఉత్తరాలు వేరుచేస్తుంటే
కింద మడమలు వాటంతటవి
చిన్న చిన్న సున్నాలు చుట్టేవి.

నవంబరు. రాత్రి రెండు దాటింది.
డాన్యూబ్ మీద మంచు, దీపాల కింది సగం కనబడదు.
నా బండికి చప్పుడు లేదు, కట్టు చక్రానికి ఉండదు.
వెనకనుంచి వచ్చింది.
టిక టిక టిక టిక
కీచురాయి చలికి దారితప్పినట్టు.
ఎవరో కాళ్ళు ఆపి, బండిని దాని దారిన పోనిస్తున్నారు.
కడకంటితో చూస్తే పసుప్పచ్చ స్టీలు ఫ్రేము,
చెవులు కప్పే ఆ పాత టోపీ.

ఆ తొమ్మిది మెట్లూ అతను పక్కవాటుగా దిగుతాడు,
కమ్మీ పట్టుకుని, ఎడమకాలు ఆఖర్న.
ఎన్నోసార్లు చూశాను.
రాత్రికి వేల చిరునామాలు చదివేదాన్ని,
అదొక్కటి చదవలేకపోయాను.

వెనక్కి తిరగలేదు.
పెడల్ పైకొచ్చేటప్పుడు కొంచెం కొంచెంగా
కాళ్ళతో ఎదురొత్తాను, నేర్పినట్టే.
టిక టిక దగ్గరయింది,
నా పక్కకొచ్చింది.

చాలాసేపు ఏమీ అనలేదు.
బుడా దీపాలు మొదలయ్యాక
"నీ చైను ఏడుస్తోంది," అన్నాడు.
"రేపు తెస్తాను," అన్నాను.