కాగితం ఆరేదాకా

ఈసారి కార్డు మీద బంగారు సిరాతోని అచ్చేసిండ్రు:
జిల్లా చరిత్ర మండలి, నలభై ఆరవ వార్షిక తోట విందు,
బఫే పన్నెండున్నరకు.
కొత్త మెంబరు పిల్లగాడొకడు అడిగిండు,
తోటలనే ఎందుకు సార్?
నల్లగొండల ఫంక్షన్ హాళ్లకు కరువా, అన్నీ ఏసీవే గద.

నేను కోశాధికారిని. నాకు తెలిసింది లెక్కనే.
పాత ఖాతాబుక్కు మొదటి పేజీ తీసి చూపిన.
అచ్చుకాగితం, తావులు ఆరు: నాలుగున్నర.
దీపం మసి, జిగురు: ముప్పావలా.
తిప్పర్తి దాకా బస్సు, ముగ్గురికి: రెండు రూపాయల పది పైసలు.
భోజనం:
ఆ గడిల అంకె లేదు.

ముగ్గురంటే
డ్రాయింగు సారు మొహియుద్దీన్,
తాలూకాఫీసుల నకళ్లు రాసే పెండెం వెంకటనర్సు,
బ్రష్షుల సంచి మోసిన నేను, అప్పటికి మీసం రాని నేను.
బత్తాయి తోటల, మోటారు రూము ఎనుక
నడుందాకా మట్టిల కూరుకపోయిన రాయి.
కడిగి, తడి కాగితం పరిచి
బ్రష్షుతోని తాటిస్తుంటే
కావలి గుడిసెలకెంచి వచ్చింది
దూదిమెట్ల బక్కమ్మ, చేతిల ఒడిసెల.
"ఏమయ్యా, రాయికి జెరమొచ్చిందా,
తడిగుడ్డ ఏస్తున్నరు?"

మొహియుద్దీన్ సారు నవ్వలే.
"అవునమ్మా, ఏడువందల ఏండ్ల సంది.
కలవరిస్తున్నది.
ఏమంటున్నదో రాసుకుందామని."

ఆనాడు మబ్బు.
ఆరకముందే మసి అద్దితే అలుక్కపోతది,
ఆరకముందే గుంజితే చినుగుతది.
కూసున్నం. ఒంటిగంట. రెండు.
మా కడుపుల చప్పుడు ఆమెకు ఇనవడ్డదో ఏమో,
జొన్నరొట్టెలు తెచ్చింది, మీద పుంటికూర తొక్కు.
ఉల్లిగడ్డ ఆ రాయి మీదనే గుద్దబోతే
వెంకటనర్సు లేచి అడ్డమురికిండు.
"నా రాయే," అన్నది. "రోజూ గుద్దుతా."
ఎనుకకు మర్లేటప్పుడు పైసలియ్యబోతే
ఒడిసెల చూపింది.

చదువుడుకు ఏడాది పట్టింది.
ఎవరో బావి తవ్విచ్చిండ్రు, ఎవరో మడి ఇచ్చిండ్రు,
అన్ని రాళ్ల లెక్కనే.
అడుగున మాత్రం నాలుగు గీతలు, ఏటవాలుగ,
ఏ లిపికీ అందయి.
సారు అంకెలన్నడు. వెంకటనర్సు నాగలి గుర్తన్నడు.
మూడు సభలు కొట్లాడినం,
నాలుగో సభకు మండలి రెండైంది.

మళ్ల కార్తీకంల పోయినం, ఏడుగురం, చీలినోళ్లు గూడ.
మళ్ల కాగితం తడిపినం.
బక్కమ్మ తొంగిచూసింది. "ఇవా?
కొడవలి నూరే జాగ గదా అది.
మూడు మా అత్తయి.
కింది సన్నది నాది."

ఎవరూ మాట్లాడలే.
కాగితం ఆరలే.
రొట్టె తిన్నం.

మూడో ఏడు ఆ తోటల మాకు పనే లేదు.
అయినా పోయినం, ఇరవై ఒక్కమందిమి, పెండ్లాంపిల్లలతోని,
సద్ది మేమే గట్టుకొని, ఆమెకు గూడ గట్టుకొని.
తావు కాగితమొకటి ఊరికెనే తడిపి రాయికేసినం,
అది ఆరేదాకా కూసునేటందుకు.

గంతే పిల్లగా, పుట్టుక.
తర్వాత మైకొచ్చింది, శాలువలొచ్చినయి.
రాయిని మ్యూజియపోళ్లు లారీల ఎక్కిచ్చిండ్రు.
బోర్లెండి బత్తాయి కొట్టేసిండ్రు,
ఇప్పుడు మనం కూసున్నది ఎవరిదో దానిమ్మ తోట.
బక్కమ్మ ఏ యేడు పోయిందో మండలికి తెల్వదు.
తేదీల మండలికి.

ఆడిటరు ఏటా ఆ గడి మీద వేలు పెడతడు.
సున్న రాయున్రి, పీడ పోతది, అంటడు.
సున్న రాస్తే అబద్ధమైతది.
పోయిన మార్చిల పెన్సిలుతోని
నాలుగు గీతలు గీసిన ఆడ, ఏటవాలుగ,
కిందిది సన్నగ.
ఏ భాష సార్ ఇది, అన్నడు.

ఇగ లే. ఆ బకెట్టందుకో.
సగం నీళ్లు చాలు.