వాలుగ దవడ

నాబ్ తిప్పితే చుక్క ఉబ్బుతుంది,
గారెలా, నడుమ చిల్లుతో.
ఇంకా తిప్పితే ముడుచుకుంటుంది.
ముడుచుకుని, నేను ఊపిరి వదిలేలోపు
అవతలి పక్క మళ్ళీ గారె.
ఈ రెండు గారెల మధ్య ఎక్కడో
వెంట్రుక మందం చోటుంది.
మార్గశిరపు రాత్రి పదకొండుకి
పొందూరులో, డాబా మీద
నేను వెతుకుతున్నది ఆ చోటు.

కరెంటాఫీసులో లైన్‌మేన్‌ని.
వీధిదీపం ఆపడం నా చేతిలో పనే, ఆపను.
దాని మొహానికి గోనెసంచి కట్టాను,
రేపెవరైనా అడిగితే గబ్బిలాల పేరు చెబుతాను.
టెలిస్కోపు సెకండ్‌హేండుది.
విజయనగరంలో కాలేజీ మానేసిన కుర్రాడు అమ్మేశాడు,
అద్దం మీద తన వేలిముద్రతో సహా.

గంటకో రైలు.
గూడ్సయితే మరీను.
దూసి దాటిందంటే చాలు
తెరమీద రోహిణి చలిజ్వరమొచ్చినట్టు వణుకుతుంది.
చేతులు ఒళ్ళో పెట్టుకుని
పెట్టెలు లెక్కపెడతాను: యాభై ఎనిమిది.

పక్కింటి అసిరమ్మ మొన్న మధ్యాహ్నం
అరుగు మీద పత్తి దువ్వుతోంది.
చేతిలో వాలుగ చేప దవడ,
సూదుల వరసలాంటి పళ్ళు.
గింజనంటిన పోగులన్నీ ఒకే దిక్కు తిరిగేదాకా
దువ్వుతూనే ఉంది.
"ఎక్కడాపాలో ఎలా తెలుస్తుందప్పా?" అన్నాను.
"దాటిపోనాక తెలుస్తాది.
ఒకపాలి దాటీసి ఎనక్కి రా.
దాటనోడికి తోవ కొస ఏటి తెలుస్తాది పిల్లడా!"

ఆ రాత్రే ట్యూబ్‌లైటు అట్టపెట్టె కోశాను, బ్లేడుతో.
సన్నని చీలికలు, మూడు వాలుల్లో,
దవడ పళ్ళలాగే.
గొట్టం మూతికి తగిలిస్తే
వెలుతురు దువ్వుకుంటుంది.
రోహిణికిప్పుడు మూడు గీతలు.
రెండు ఇంటూ గుర్తులా కదలవు,
మూడోది అటూ ఇటూ జరుగుతుంది
తక్కెడ ముల్లులా.

ముల్లు కుడికుంది. పిసరు తిప్పాను.
ఇంకా కుడికే. ఇంకో పిసరు.
ఎడమకి దాటిపోయింది.
తిట్టుకోలేదు.
దాటాను కదా, ఇక రావడమే.
వేలు కదలక్కర్లేదు,
కదలాలన్న తలపు చాలనిపించేంత తిప్పు.
నిలిచింది.
అట్ట తీసేసి
గొట్టాన్ని పిల్లలకోడి వైపు మళ్ళించాను.

ఒంటిగంటకి మంచు.
గొట్టం రేకు చలికి ముడుచుకుంది,
కంటికి అందనంత,
చుక్కకి తెలిసేంత.
చివరి పన్నెండు ఫోటోలూ మెత్తబడ్డాయి.
మళ్ళీ అట్ట. మళ్ళీ రోహిణి.
మళ్ళీ గూడ్సు.

నాలుగింటికి అసిరమ్మింట్లో లైటు వెలిగింది.
ఫోటోలన్నీ ఒకదానిమీదొకటి పేర్చి
ఫోనులో చూపించాను.
కోడీ, పిల్లలూ,
వాటి చుట్టూ నీలంగా నూగు.
కళ్ళజోడు నుదుటిమీదికి తోసి
ముక్కు తగిలేంత దగ్గరగా చూసింది.
"ఒలమ్మ, పత్తే!
గింజలు తియ్యనేదేటి?"
నూగు ఏరబోయినట్టు
రెండు వేళ్ళు తెరమీద విడదీసింది.
బొమ్మ పెద్దదై, ఇంకా పెద్దదై,
రాత్రంతా నేను సూదిమొన చేసిన చుక్క
గళ్ళుగళ్ళుగా విరిగిపోయింది.

"ఇంకాస్త దువ్వాల్రా," అని
ఫోను నా చేతిలో పెట్టి
పత్తిబుట్ట ముందు కూలబడింది.
సిగడం వైపునుంచి
ఏదో బండి వస్తోంది.