గుర్రపుడెక్క

మంగళవారం రాత్రి అన్నంలో మజ్జిగ పోసుకుంటుంటే
ఫోను ఒకసారి మోగింది.
తర్వాత ఆగలేదు.

మా కడియపులంక నర్సరీకి రోజుకి వచ్చేవి
పదో పన్నెండో మెయిళ్లు:
ముద్దమందారాలు ఎన్నున్నాయి, లారీ ఎప్పుడు, బిల్లులో తప్పుంది.
ఆ రాత్రి అరగంటలో పదకొండు వందలు.

ఎవరో నన్ను పోలండులో వంటల క్లబ్బులో చేర్పించారు.
గుర్రప్పందేల పత్రిక ఒకటి
పేరు తప్పు రాసి మరీ స్వాగతం చెప్పింది.
బూట్లవాళ్లు, బట్టతల మందులవాళ్లు,
పడవలమ్మే కంపెనీవాడు
(పడవలు! మాకు!)
తలకట్టు లేని, కొమ్ము లేని ఏవేవో లిపుల్లో
చేరినందుకు ధన్యవాదాలు,
నిర్ధారించండి, నిర్ధారించండి, నిర్ధారించండి.

తుడిచాను. యాభై తుడిస్తే ఎనభై.
బొటనవేలు మంటెత్తింది.
భద్రాచలం దగ్గర అడుగులు లెక్కపెట్టే రోజుల్లో కూడా
ఆ నీరు మా దాకా రావడానికి
ఒక పగలో రాత్రో గడువుంటుంది,
బియ్యం బస్తా అటక మీదకి ఎక్కించుకోవచ్చు.
దీనికి అదీ లేదు.

పక్కింటి అరుగు మీద బుల్లబ్బాయి తాత.
ముప్పై రెండేళ్లు లాకుల దగ్గర లస్కరు.
ఇప్పటికీ ఒంటిగంటకి లేచి
కాలవ చప్పుడు విని మళ్లీ పడుకుంటాడు.
"ఏంటే తాయారూ, ఇంకా ఆ ఎలుగు?"

చెప్పాను.
మెయిలంటే ఆయనకి తెలీదు. చెత్తంటే తెలుసు.

"గుర్రపుడెక్క అంతా ఒక్క రేత్రే రాదే.
పైన ఎవడో వదిలితేనే వస్తది.
ఒకేడు నేనూ నీలాగే ఆకులు లాగుతా కూచున్నాను,
పువ్వు బాగుందని ఒకటి కోసి మీ మామ్మకిచ్చాను కూడా.
ఆ చాప కిందే దుంగొచ్చి
లాకు తలుపు చెక్క ఇరగ్గొట్టింది.
ఆకులొదిలెయ్. కిందేమొస్తందో చూడు."

తుడవడం ఆపాను.
వెతుకు గడిలో మా బ్యాంకు పేరు కొట్టాను.

నాలుగు వేల స్వాగతాల అడుగున
స్వాగతం చెప్పని మెయిలు ఒక్కటే.
తొమ్మిదీ నలభై ఏడుకి వచ్చింది:
మీ ఖాతాకి కొత్త పేరు జత అయింది.
జత చేసింది మీరు కాకపోతే ఈ నంబరుకి.

మేం కాదు.
అందులో ఉన్నది శనివారం కూలి,
పదిహేడు మంది ఆడవాళ్లు
నెత్తిన మట్టి కుండీలు మోసిన వారం.

తెలుగుకి రెండు నొక్కాను. సన్నాయి వినిపించారు.
మళ్లీ నొక్కాను. మళ్లీ సన్నాయి.
చివరికి ఆవులిస్తున్న ఒక పిల్ల పలికింది:
కొత్త పేరుకి డబ్బు కదలడానికి నాలుగు గంటలు ఆగాలటండీ.
గోడ గడియారం ఒంటిగంట ఇరవై ఐదు.
"ఆపేశానండి" అంది.
ఆ పిల్ల పేరు అడగలేదు. అడగాల్సింది.

పొద్దున్న ఏసుబాబు వచ్చి జల్లెడలేవో కట్టాడు.
"వద్దని కూడా చెప్పకక్కా వాళ్లకి,
చెప్తే ఇక్కడ మనిషున్నట్టు తెలిసిపోద్ది" అన్నాడు.
ఆ మాట రోజంతా చెవిలో తిరిగింది.

శుక్రవారానికి పలచబడింది.
ఇప్పటికీ పోలండు నుంచి అప్పుడప్పుడు ఒక వంటకం,
బీట్‌రూట్‌తో ఏదో చారు.

పది రోజులకి రామచంద్రపురం నుంచి ఒకాయన ఫోను.
కోపం లేదు గొంతులో, అదే బాధ.
"రాశానండీ మంగళవారం రాత్రి. జవాబు లేదు.
మాకు పెద్ద బేరం కాదు లెండి,
మా చెల్లి పాఠం చెప్పిన బడిలో నాటడానికి
ఆరు పొగడ మొక్కలు."

చెత్తబుట్టలో వెతికితే దొరికింది.
పైన బూట్లు, కింద బట్టతల మందు,
మధ్యలో ఆయన రెండు వాక్యాలు,
నా బొటనవేలే తోసేసినవి.

సాయంత్రం లాకుల మీంచి వస్తుంటే
కొక్కేలతో డెక్క లాగి గట్టు మీద పోస్తున్నారు.
బుల్లబ్బాయి తాత ఆ గుట్ట పక్కన గొంతుక్కూచుని
వేళ్లతో పాయలు తీస్తున్నాడు,
వేళ్లలో చిక్కిన చేపపిల్లల్ని
ఒక్కోటీ కాలవలోకి జారవిడుస్తూ.

సైకిలు స్టాండేసి
నేనూ కూచున్నాను.