నారేపి పలకలు

"కడపలో ఉండి కట్టె పరుస్తావామే,
రాయికేం కరువొచ్చింది?"
అని ఎదురింటి ఖైరున్‌బీ నవ్వింది.
నవ్వనీ.

ముంపు ఊర్లో విప్పిన మిద్దె దంతెలు
ట్రాక్టరెక్కి ఎర్రముక్కపల్లికి వచ్చినాయి.
నారేపి.
కోత మిషను కాడ రెండు రంపాలు పళ్లు రాల్చుకున్నాయి,
మూడోది పొగ కక్కుతా ఒప్పుకుంది.
ఇప్పుడు నలభైమూడు పలకలు గోడకానుకొని
ఉండమంటారో పొమ్మంటారో తెలీని చుట్టాల మాదిరి
నన్నే చూస్తా ఉండాయి.

"ఏ పక్కకు పరిచేది మేడం?"
ఓబులాచారి చెవి మీది పెన్సిలు తీసినాడు.

మా ఆయన నిలువుగా అంటాడు,
వాకిట్లోంచి చూస్తే గది రైలుపెట్టె మాదిరి సాగల్లంట.
ఆచారి కిటికీ దిక్కు గడ్డం చూపిస్తాడు:
"వెలుతురు ఎట్ల నడుస్తాదో కట్టె అట్ల నడవాల.
అడ్డమేస్తే ప్రతి అతుక్కీ నీడ పడి
నా తప్పులన్నీ లెక్కకొస్తాయి."
మాబాషా మాత్రం పలక మీద ఎంగిలి వేలు రుద్ది
"అన్నా, బెల్లంపాకం!" అన్నాడు.

నాలుగు నిలువుగా, నాలుగు అడ్డంగా
మేకు కొట్టకుండా పరిపించి
చెప్పులిడిచి నడిచినా.
నిలువు పలకల మీద కాలికి యాడికో తొందర.
అడ్డం పలకల మీద అడుగుకో గీత,
కిందికి దిగని మెట్లు.

అప్పుడు తగిలింది మడమకు
వేలు పట్టేంత గుంత.
చుట్టూ తమలపాకంత తుప్పు మరక.
"ఉయ్యాల కొక్కెం" అన్నాడు ఆచారి.
"బీరువా కిందికి తోసేస్తాలే. లేదా ఆడికి కోసేస్తా."

ఎవరి బిడ్డలో. ఎందరో.
ఇనుము ఒరుసుకొని ఒరుసుకొని
గుండ్రంగా ఉండాల్సింది కోలగా అరిగింది,
కట్టెకు అడ్డంగా,
ఉయ్యాల పోయి వచ్చిన దారిలో.

కూచోని, ఆ పలకను రెండు చేతులా తిప్పినా.
కొంచెం. ఇంకొంచెం.
ఆ కోల ఒక కొస వాకిలిని,
ఒక కొస కిటికీని చూసేదాకా.

"అడ్డంగానే పరచండి."
"గది పొట్టిదై పోతాది" అన్నాడు ఆయన.
"అతుకులు మేడం" అన్నాడు ఆచారి.
నేనేం బదులు చెప్పలా.

పొద్దు గుంకేటప్పటికి
గుంతలో నింపను లక్క కరిగించి తెచ్చి
నా మొగం చూసి నిలబడినాడు.
గరిటెలోనే అది గడ్డకట్టింది.

"చీమలు కాపురం పెడతాయి చూడు"
అంది ఖైరున్‌బీ, గుంతలో బొటనవేలు పెట్టి.

పెట్టనీలే.
ఈడ ముంపు లేదు.