బెల్టు పెట్టుకోకూడని దారి

ఒడ్డున చెక్క గది. కిటికీలోంచి ఒక చెయ్యి
కారు నంబరు రాసుకుని, ఎందరని అడిగింది.
"ముగ్గురం, ఒక పొయ్యి తలుపు," అన్నాడు హెల్దుర్.
చెయ్యి నవ్వలేదు. "బరువెంత?" అంది.

పోత ఇనుము, పద్దెనిమిది కిలోలు.
వెనక సీట్లో నా పక్కనే దుప్పటి కప్పుకుని
మలుపు మలుపుకీ నా మీద వాలుతోంది.

ఎస్తోనియాలో ఈ దారి ఫిబ్రవరిలోనే పుడుతుంది,
అదీ చలి మాట నిలబెట్టుకుంటే.
మిగతా నెలలు ఇక్కడ ఓడ నడుస్తుంది.

దీని మీద రూళ్లన్నీ తలకిందులు.
సీటు బెల్టు పెట్టుకుంటే తప్పు.
పెట్టుకున్నవాడు కారుతోపాటే మునుగుతాడట.
పాతిక దాటకూడదు, దాటితే నలభైకి తగ్గకూడదు.
ఆ రెంటి మధ్య నడిపితే
కింద నీళ్లలో ఓ అల లేచి వెంటే పరిగెడుతుందట,
ఎక్కడో ఓ చోట మంచును లోపలినుంచి తంతుందట.
ఇదంతా ఊర్వె
కూరలో ఉప్పు సరిపోయిందన్నంత మామూలుగా చెప్పింది.

దారి పొడుగునా జూనిపర్ కొమ్మలు గుచ్చారు,
నారుమడి చుట్టూ పాతిన పుల్లల్లా.
ఆకాశం ఎక్కడ మొదలైందో
ఓ కాకి కింద వాలితేగానీ తెలియలేదు.
బెల్టు లేదని కారు టింగ్ టింగ్ మంటూనే ఉంది.
తలుపు పిడి మీంచి నేను చెయ్యి తియ్యలేదు.

ఏ ఒడ్డూ కనబడని చోట
అద్దంలో నా కళ్లు వెతుక్కుని హెల్దుర్ అన్నాడు:
"సెప్టెంబరు నుంచి మేం విడిగా ఉంటున్నాం.
మేనత్తకి తెలీదు. చెప్పకు."
ఊర్వె బయటికే చూస్తూ, "స్పీడు," అంది.
ముల్లు ముప్పై మీద ఉంది.
నలభై అయిదుకి లాగాడు.

రాత్రి నాకిచ్చిన గదిలో
అలమరా సగం ఎందుకు ఖాళీయో అప్పుడు తెలిసింది.
చెప్పకపోవడం నాకేం కష్టం?
ఆవిడ భాషలో నాకొచ్చినవి రెండు మాటలు,
ఒకటి థాంక్స్, ఒకటి రొట్టె.

లెయ్దా అత్త కుండ కొనేవాళ్లు మీటినట్టు
పొయ్యి తలుపును గోటితో మీటింది,
మోత విని, ఊఁ అంది.
పొగబెట్టిన చేప, నల్ల రొట్టె,
సోయికూర చల్లిన బంగాళాదుంపలు.
నేను రెండు మాటలూ వాడేశాను.

ఆవిడ అడిగింది, ఊర్వె తిప్పి చెప్పింది:
"మీ సముద్రం గడ్డకట్టదా?"
కట్టదన్నాను.
"ఏడాది పొడుగునా పడవేనా?"
అవునన్నాను.
అయ్యో అన్నట్టు నా కంచంలో ఇంకో చేప వేసింది.
"పడవకి టైముంటుంది.
చలికాలం ఒక్కటే,
ఎవరికి రావాలనిపిస్తే వాళ్లు వచ్చేది."

హెల్దుర్ మోకాళ్ల మీద కూచుని తలుపు బిగించాడు.
స్క్రూలు ఒక్కొక్కటే ఊర్వె అందించింది.
అడగకముందే అందించింది.
అత్త వాళ్లని చూడలేదు. మంటనే చూసింది.

పొద్దు వాలితే దారి మూసేస్తారు.
గుమ్మంలో మేజోళ్లు ఇచ్చింది,
పాత పేపర్లో చుట్టి, పురికొస కట్టి.
మూడు పొట్లాలు.

చాలా దూరం వచ్చాక ఊర్వె అంది:
"మా ఇద్దరివీ ఏటా ఒకే పొట్లంలో కట్టేది."
టింగ్, టింగ్.
ముల్లు నలభై ఆరు. నలభై ఆరు. నలభై ఆరు.

కిటికీలో చెయ్యి మా నంబరు కొట్టేసింది.
"ముగ్గురూ?"
"ముగ్గురం."
"పొయ్యి తలుపు?"
ఈసారి చెయ్యి కొంచెం నవ్విందనుకుంటా.

నేల మీదికి ఎక్కాక బెల్టులు.
హెల్దుర్‌ది చలికి బిగుసుకుని గాడిలో పడలేదు.
ఊర్వె వంగి, దానిలోకి రెండుసార్లు ఊపిరి ఊది,
బొటనవేలితో నొక్కింది.
టక్.
కారు నోరు మూసుకుంది.

నా మేజోళ్లలో
కుడికాలిది వేలెడు పొడుగు.